పొయ్యి మీద పాలు

పొయ్యి మీద పాలు పెట్టి ఎప్పుడైనా కాపలా కాశారా?

చేతులు ఊరికే ఉంటాయి. గరిటె కూడా పట్టుకోనక్కర్లేదు. చూసేవాళ్ళకు "ఖాళీగానే నిలబడిందిగా" అనిపిస్తుంది. కానీ ఆ పది నిమిషాలూ ఆ మనిషి అక్కణ్ణించి కదలడానికి లేదు. ఫోను మోగినా, కాలింగ్ బెల్లు మోగినా ఒక కన్ను గిన్నె మీదే ఉండాలి. అలా పక్కకు తిరిగితే చాలు, పాలన్నీ స్టవ్వు మీదే.

ఇప్పుడు ఆ పది నిమిషాల్ని పదహారు గంటలు చేయండి. పాలగిన్నె బదులు ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి ఊహించుకోండి. ఆ పిల్లాడికి ఆటిజం. నడుస్తాడు, పరిగెత్తుతాడు. చూడ్డానికి ఏ లోటూ కనబడదు. తలుపు గడియ పడలేదంటే మాత్రం క్షణంలో రోడ్డు మీద ఉంటాడు. కార్లంటే భయం లేదు, పిలిస్తే వెనక్కి తిరగడు. ఇల్లు మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో ఉందనుకోండి. తల్లి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి అక్కడ స్థిరపడిన మనిషి. చదువుంది, ఉద్యోగం చేసేది. ఇప్పుడు మానేసింది. ఎవరైనా "ఏం చేస్తుంటారమ్మా" అని అడిగితే "ఇంట్లోనేనండీ, ఖాళీనే" అంటుంది.

ఖాళీనా?

ఆస్ట్రేలియా ప్రభుత్వం దగ్గర ఈ ప్రశ్నకు ఒక జవాబుంది. ఆ కాపలా కూడా పనే అంటుంది. దాన్ని కొలవడానికి ఒక కొలత కూడా పెట్టుకుంది. వైకల్యం ఉన్న బిడ్డను చూసుకునేవాళ్ళకు ఇచ్చే డబ్బు ఆ కొలత మీదే ఆధారపడి ఉంటుంది. ఆ కొలత ఎలా తీస్తారో, అందులో మన తెలుగు తల్లిదండ్రులు ఎక్కడ తడబడతారో ఇవాళ చెప్పుకుందాం. ఒక్క మాట మాత్రం మొదట్లోనే గుర్తు పెట్టుకోండి. అక్కడ కొలిచేది జబ్బును కాదు, చాకిరీని. ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. వైకల్యం ఉన్న పిల్లల కోసం ఆ దేశం 1974లోనే ఒక భత్యం మొదలుపెట్టింది. అది ఖర్చులకు ఆసరా. బిడ్డ కోసం ఉద్యోగం వదులుకున్న తల్లికో తండ్రికో బతుకుతెరువుగా ఇచ్చే కేరర్ పేమెంట్ పిల్లల విషయంలో 1998లో వచ్చింది. వచ్చింది గానీ, గుమ్మం చాలా ఎత్తుగా కట్టారు. ఏడు గుర్తులు రాసిపెట్టారు. బిడ్డకు తిండంతా గొట్టం ద్వారానే వెళ్ళాలి. లేదా ఊపిరి కోసం గొంతులో రంధ్రం చేసి ఉండాలి. లేదా రోజుకు కనీసం ఎనిమిది గంటలు వెంటిలేటర్ మీద ఉండాలి. ఆసరా లేకుండా నిలబడలేకపోవడం ఒకటి. పగలూ రాత్రీ మలం మీద అదుపు లేకపోవడం ఒకటి. నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉండటం ఇంకొకటి. రాత్రి పదికీ ఉదయం ఆరుకీ మధ్య కనీసం రెండుసార్లు లేచి చూడాల్సి రావడం ఆఖరుది. ఈ ఏడింటిలో మూడు ఉండాలి. రెండే ఉంటే లేదు.

ఆ జాబితా పక్కన మన ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి నిలబెట్టి చూడండి. తిండి నోటితోనే తింటాడు. ఊపిరి తనే తీసుకుంటాడు. నిలబడటమేం ఖర్మ, గోడలే ఎక్కుతాడు. రాత్రి నాలుగుసార్లు లేస్తాడు, అదొక్కటే కలిసింది. కాబట్టి తల్లికి డబ్బు రాదు. ఆ జాబితా ప్రకారం ఆమె నిజంగానే ఖాళీ మనిషి! మంచాన పడ్డ బిడ్డను చూసుకోవడం కష్టమని జాబితా రాసినవాళ్ళకు తెలుసు. మంచం మీద కుదురుగా ఉండని బిడ్డను చూసుకోవడమూ కష్టమేనని వాళ్ళకు తట్టలేదు.

గొడవ పెరిగి, 2007లో ప్రభుత్వం టోనీ బ్లన్ అనే మాజీ ఉన్నతాధికారి అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. ఆ ఏడాది చివరికే నివేదిక వచ్చింది. రోగ లక్షణాల జాబితా పట్టుకుని కూర్చుంటే లాభం లేదు, ఇంట్లో జరిగే పనిని చూడాలి అన్నది దాని సారం. 2009 జులై 1 నుంచి పాత ఏడు గుర్తులు పోయాయి. వాటి స్థానంలో కొత్త కొలత వచ్చింది. దాన్ని డిసెబిలిటీ కేర్ లోడ్ అసెస్‌మెంట్ అంటారు. కేర్ లోడ్ అంటే మన మాటల్లో చాకిరీ బరువు. పేరులోనే అంతా ఉంది.

ఇక ఆ బరువును ఎలా తూస్తారో చూద్దాం.

రెండు కాగితాలుంటాయి. ఒకటి బిడ్డను చూసుకునే మనిషి నింపాలి. రెండోది బిడ్డకు వైద్యం చేసేవాళ్ళు నింపాలి. అది డాక్టరే కావాలని లేదు. నర్సు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, సైకాలజిస్టు, వీళ్ళలో బిడ్డను చూస్తున్నవాళ్ళు ఎవరైనా నింపొచ్చు. రెండు కాగితాల్లోని జవాబులకూ మార్కులు పడతాయి. రెంటినీ కలిపి చూస్తారు. బిడ్డ తినడం, బట్టలు వేసుకోవడం, బాత్రూముకు వెళ్ళడం, నడవడం, మాట్లాడటం, ప్రవర్తన, మనసు తీరు, ఫిట్స్ లాంటివి, గొట్టాలూ యంత్రాలూ, రాత్రి నిద్ర, ఇవన్నీ అడుగుతారు. బరువు బాగా ఎక్కువని తేలితే 'ఇంటెన్స్' అనే ముద్ర పడుతుంది. కేరర్ పేమెంట్‌కు ఆ ముద్రే తాళంచెవి.

మరి ఎక్కువ అంటే దేనికంటే ఎక్కువ?

అసలు కిటుకు ఇక్కడుంది. అదే వయసు పిల్లాడితో పోల్చి చూడాలి. రెండేళ్ళ పాపకు డయపర్ మార్చడం పనే. కానీ రెండేళ్ళ పిల్లలందరికీ మారుస్తారు. అందువల్ల అది అదనపు బరువు కాదు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి డయపర్ మార్చాల్సి వస్తే అది అదనం. పక్కింట్లో అదే ఈడు పిల్లాడున్నాడనుకోండి. వాడు రెండు ఇడ్లీలు పది నిమిషాల్లో తినేసి, స్కూలు బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోతాడు. ఈ బాబుకు అవే రెండు ఇడ్లీలు తినిపించడానికి నలభై అయిదు నిమిషాలు. చట్నీ తగిలితే ఉమ్మేస్తాడు. తెల్లటి పళ్ళెంలో పెడితేనే తింటాడు. ఒకరు చేతులు పట్టుకుంటే ఇంకొకరు నోట్లో పెట్టాలి. పక్కింటి పది నిమిషాలకూ ఈ ఇంటి నలభై అయిదు నిమిషాలకూ మధ్య ముప్పై అయిదు నిమిషాల తేడా ఉంది చూశారూ, కాగితం మీద పడాల్సింది ఆ తేడానే.

అయితే ఆ తేడా తల్లికి కనబడదు. విచిత్రం కాదిది. ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పని ఊపిరి తీసుకోవడంలా అలవాటైపోతుంది. మొదటి బిడ్డే అయితే పోల్చుకోవడానికి ఇంట్లో ఇంకొకరు కూడా ఉండరు. "భోజనం చేయడానికి సాయం కావాలా" అని కాగితం అడుగుతుంది. "కొంచెం" అని టిక్కు పెట్టేస్తుంది. అక్కడ కొన్ని మార్కులు పోయాయి. "రాత్రుళ్ళు లేస్తాడా" అంటే "అప్పుడప్పుడు" అంటుంది. అప్పుడప్పుడు అంటే ఎంత? ఆమె లెక్కలో వారానికి అయిదు రాత్రులు. కాగితం చదివేవాళ్ళ లెక్కలో నెలకోసారి.

మన దగ్గర ఇంకో అలవాటుంది. దాన్ని కూడా దాచకుండా చెప్పుకోవాలి. బిడ్డ ఎలా ఉన్నాడని ఎవరడిగినా "బాగున్నాడండీ" అంటాం. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా "పర్లేదు, తగ్గింది" అంటాం. దిష్టి తగులుతుందనే భయం కొంత, నోటితో చెడు పలకకూడదన్న పట్టింపు కొంత, నలుగురిలో బిడ్డను తక్కువ చేయడం ఇష్టం లేకపోవడం కొంత. పెళ్ళిలోనో ఉగాది సభలోనో ఆ మాట ముద్దుగానే ఉంటుంది. ఈ డబ్బులిచ్చే ప్రభుత్వ విభాగం సెంటర్‌లింక్. దాని కాగితం మీద ఆ మాట రాస్తే మాత్రం, బాగున్నాడనే వాళ్ళు రాసుకుంటారు. అక్కడ కూర్చున్న ఉద్యోగికి మన దిష్టి సంగతి తెలీదు కదా.

తండ్రులది మరో రకం. ఫారం ఇంగ్లిషులో ఉంటుంది కాబట్టి చాలా ఇళ్ళలో భర్తే కూర్చుని నింపుతాడు. తప్పేం లేదు. కానీ పగలంతా ఆఫీసులో ఉండే మనిషికి మధ్యాహ్నం మూడింటికి ఏం జరుగుతుందో తెలీదు. స్నానం దగ్గర జరిగే యుద్ధం తెలీదు. చక్కటి ఇంగ్లిషులో, తక్కువ చాకిరీ రాసి పంపిస్తాడు.

దీనికి ఉపాయం మన ఇళ్ళలోనే ఉంది. పాల లెక్క!

వంటింటి గోడకు వేలాడే క్యాలెండర్ గుర్తుందా? పెద్ద పెద్ద అంకెలు, పక్కనే తిథీ వర్జ్యం. ఆ గళ్ళలో అమ్మ పెన్సిలుతో పాల లెక్క రాసేది. సోమవారం అర లీటరు. మంగళవారం లీటరు, చుట్టాలొచ్చారు. బుధవారం సున్నా, పాలు రాలేదు. నెలాఖరుకు పాలవాడితో వాదన పడితే ఆ గళ్ళే సాక్ష్యం. గుర్తున్నంతలో చెబితే ఎవరూ నమ్మరు. రాసుంటే నమ్ముతారు.

బిడ్డ లెక్క కూడా అలాగే రాయండి. ఫారం నింపే ముందు రెండు వారాలు, వీలైతే నెల. పెద్ద వ్యాసం అక్కర్లేదు. "రాత్రి 1:20కి లేచాడు, 3 దాకా పడుకోలేదు." "స్నానం 50 నిమిషాలు, చేయి కొరికాడు." "స్కూలు నుంచి రెండుసార్లు ఫోను, ఒకసారి వెళ్ళి తీసుకొచ్చాను." "తలుపు తీసుకుని బయటికెళ్ళాడు, పక్కింటాయన పట్టుకున్నారు." అంతే. ఒక రోజుకు నాలుగు ముక్కలు. మంచి రోజు కూడా రాయండి. మంచి రోజు రాస్తే చెడ్డ రోజుల మీద నమ్మకం పెరుగుతుంది. అబద్ధం రాయమని ఎవరూ చెప్పడం లేదు. ఉన్నది తగ్గించకుండా రాస్తే చాలు.

ఒక సంగతి మాత్రం తప్పకుండా రాయాలి. పని చేయని సమయంలో కూడా చేస్తున్న పని. అదేనండీ, పాల కాపలా. బిడ్డ ఆడుకుంటున్నాడు, అమ్మ పక్కన కూర్చుంది. చేతుల్లో పనేం లేదు. కానీ లేచి బట్టలు ఆరేయడానికి వెళ్ళగలదా? ఎదురింటికి వెళ్ళి అయిదు నిమిషాలు మాట్లాడి రాగలదా? బాత్రూము తలుపు వేసుకుని స్నానం చేయగలదా? ఆ ప్రశ్నలకు జవాబు "లేదు" అయితే ఆ సమయమంతా చాకిరీ కిందికే వస్తుంది. చట్టం కూడా రోజూ నిరంతరంగా చూసుకోవాలనే అంటుంది. దాదాపు ఒక ఉద్యోగి పనిదినమంత సమయం ఈ సంరక్షణకే పోవాలని దాని అర్థం.

క్యాలెండర్ గళ్ళు నింపాక, వాటి కాపీ తీసి డాక్టరుకు ఇవ్వండి. ఇది చాలామంది మర్చిపోయే మెట్టు. పీడియాట్రీషియన్ బిడ్డను చూసేది ఆరు నెలలకోసారి, అదీ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ బిడ్డ ఫోనులో పాటలు చూస్తూ బుద్ధిమంతుడిలా కూర్చుంటాడు. పిల్లలు అంతే, చూపించాలనుకున్న రోజున చూపించరు. డాక్టరు తను చూసిందే రాస్తారు. తల్లి కాగితం ఒకటి చెప్పి, డాక్టరు కాగితం ఇంకొకటి చెబితే దరఖాస్తు అక్కడే కుంటుతుంది. ఇంట్లో రాసిన లెక్క ఆయన ముందుంటే, ఆయన రాసేది కూడా ఇంట్లో జరిగేదానికి దగ్గరగా వస్తుంది.

ఇప్పుడొక చిక్కుముడి విప్పాలి. చాలా ఇళ్ళలో దీని దగ్గరే గందరగోళం.

పేర్లు ఒకేలా ఉండే రెండు చెల్లింపులున్నాయి. ఒకటి కేరర్ పేమెంట్, రెండోది కేరర్ అలవెన్స్. పేమెంట్ పెద్దది. వృద్ధాప్య పెన్షన్‌తో సమానమైన రేటు. ఉద్యోగం చేసే వీల్లేనివాళ్ళకు బతకడానికి ఇచ్చేది. అందుకే ఇంటి ఆదాయం, ఆస్తి రెండూ చూస్తారు. భార్య ఇంట్లో బిడ్డను చూసుకుంటున్నా, భర్తకు ఓ మోస్తరు ఐటీ జీతం ఉంటే పేమెంట్ సున్నా అయిపోవచ్చు. అలవెన్స్ చిన్నది. 2025లో రెండు వారాలకు దాదాపు 159 డాలర్లు. దీనికి ఆస్తి చూడరు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2,50,000 డాలర్ల లోపుంటే చాలు. పేమెంట్ రాదని తెలిసి నిరాశపడి, అలవెన్స్ అడగకుండా వదిలేసినవాళ్ళు ఉంటారు. రెండూ వేరు, విడివిడిగా అడగాలి.

బిడ్డ వైకల్యాన్ని చూసే తీరులోనూ రెంటికీ తేడా ఉంది. అలవెన్స్ కోసం ప్రభుత్వం దగ్గర గుర్తింపు పొందిన వైకల్యాల జాబితా ఒకటుంది. డౌన్ సిండ్రోమ్, డుషేన్ కండరాల క్షీణత లాంటివి అందులో ఉన్నాయి. నిపుణులు నిర్ధారించిన ఆటిజం కూడా ఉంది. బిడ్డ జబ్బు ఆ జాబితాలో ఉంటే చాకిరీ లెక్క లోతుగా తవ్వరు. పేమెంట్ విషయంలో అలా కాదు. ఏ జబ్బు పేరున్నా సరే, 'ఇంటెన్స్' ముద్ర పడాల్సిందే. అందుకే ఒకే బిడ్డకు అలవెన్స్ వచ్చి, పేమెంట్ రాకపోవడం మామూలే. "సర్టిఫికెట్‌లో ఆటిజం అని ఉందిగా, ఇంకా ఏం కావాలి" అని ఆశ్చర్యపోనక్కర్లేదు. జబ్బును కాదు, చాకిరీని కొలుస్తారని మొదట్లో చెప్పుకున్నాం. ఆ మాట పూర్తిగా పేమెంట్‌కే వర్తిస్తుంది.

ఎన్‌డీఐఎస్, అంటే అక్కడి జాతీయ వైకల్య బీమా పథకం, వేరే సంగతి. అందులో వచ్చే డబ్బు బిడ్డ థెరపీకి, పరికరాలకు. చూసుకునే తల్లికి జీతం కాదు. దాని కాగితాలు దీనికి సాక్ష్యంగా పనికొస్తాయి, అంతవరకే.

కేరర్ పేమెంట్ రావాలంటే శాశ్వత వైకల్యమే అయ్యుండాలా? మామూలుగా కనీసం ఆరు నెలలు ఉండే అవసరాన్నే చూస్తారు. కానీ 2009 మార్పుల్లో ఒక మంచి సందు తెరిచారు. ఒక పాపకు లుకేమియా వచ్చి కీమో జరుగుతోందనుకోండి. లేదా పెద్ద ప్రమాదం జరిగింది. మూడు నెలలు దాటి, ఆరు నెలల లోపు తీవ్రంగా చూసుకోవాల్సి వచ్చినా అడగొచ్చు. ఇద్దరు పిల్లలకు వైకల్యం ఉండి, ఒక్కొక్కరి బరువు విడిగా చాలకపోయినా, ఇద్దరిదీ కలిపి తూచే వీలుంది. ఇంట్లో ఉన్న తల్లి ఒక్కతే కదా, రెండు బరువులూ ఆమె భుజం మీదే.

బిడ్డను కొన్నాళ్ళు వేరేవాళ్ళకు అప్పగించి ఊపిరి పీల్చుకుంటే డబ్బు పోతుందేమోనని కొందరి భయం. పోదు. ఏడాదిలో 63 రోజుల దాకా విరామం తీసుకోవచ్చు. కొంత పని చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. ఇదివరకు ఉద్యోగం, చదువు, స్వచ్ఛంద సేవ, చివరికి ప్రయాణం కూడా కలిపి వారానికి 25 గంటలు దాటకూడదనేవారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సమయాన్ని కూడా లెక్కేసిన రూలు అది! 2025 మార్చి 20 నుంచి మారింది. ఇప్పుడు నాలుగు వారాలకు 100 గంటలు. అదీ జీతం వచ్చే పనికే. చదువుకుంటే, గుడిలో సేవ చేస్తే, రైల్లో వెళితే లెక్కలోకి రాదు. ఒక వారం బిడ్డకు బాగా లేక అసలు పనికి వెళ్ళలేదనుకోండి, మరుసటి వారం ఎక్కువ చేసుకోవచ్చు. అకౌంట్స్ పనో, టీచింగో తెలిసిన మన ఆడవాళ్ళకు ఈ మార్పు బాగా పనికొచ్చేది.

ఇక మాట్లాడటానికి చాలామంది జంకే విషయం వీసా. కేరర్ పేమెంట్ కావాలంటే ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం, అంటే పీఆర్, ఉండాలి. స్టూడెంట్ వీసా మీద, తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు రాదు. పీఆర్ వచ్చాక కూడా కొత్తవాళ్ళకు నిరీక్షణ కాలం ఉంటుంది. ఇక్కడే ఒక వింత. పీఆర్ కోసం అడిగినప్పుడు, ఆరోగ్య పరీక్షలో అదే బిడ్డను ఒక త్రాసులో పెడతారు. ఈ బిడ్డ వల్ల ప్రభుత్వానికి ఖర్చెంత అని తూస్తారు. ఆ ఖర్చు పరిమితి దాటితే వీసాకు ఇబ్బంది. 2024 జులైలో ఆ పరిమితిని 86,000 డాలర్లకు పెంచారు. ప్రత్యేక విద్య ఖర్చును లెక్కలోంచి తీసేశారు. కొంచెం నయం. వీసా వచ్చాక అదే బిడ్డను సెంటర్‌లింక్ ఇంకో త్రాసులో పెడుతుంది. తల్లికి పనెంత అని తూస్తుంది. మొదటి త్రాసు దగ్గర బిడ్డ తేలిగ్గా తూగాలని దేవుడికి మొక్కుకున్న తల్లి, రెండో త్రాసు దగ్గర ఒక్కసారిగా బరువంతా చెప్పమంటే చెప్పలేదు. ఏళ్ళ తరబడి తగ్గించి చెప్పడం నేర్చుకున్న నోరు అది. దీన్ని ఆమె తప్పనడం అన్యాయం.

మన తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళినవాళ్ళకు ఇంకో పాత అలవాటు కూడా అడ్డొస్తుంది. అదే సదరం, వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే మన పద్ధతి. సదరం క్యాంపులో శాతం రాస్తారు. నలభై శాతం దాటిందా లేదా అన్నదే అక్కడ అందరి ఆరాటం. అది బిడ్డ శరీరాన్నో మేధస్సునో కొలిచే కొలత. చూసుకునే మనిషి ప్రసక్తి అందులో ఉండదు. పెన్షన్ కూడా బిడ్డ పేరు మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికి పరిమితమైనవాళ్ళకు 15,000. తెలంగాణలో 4,016. ఆ పదిహేను వేల వెనక చాకిరీ ఆలోచన కొంత తొంగిచూస్తుంది గానీ, అక్కడా మంచాన పడ్డవాళ్ళే లెక్క, పరిగెత్తేవాళ్ళు కాదు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం, ఎక్కువ సాయం అవసరమైనవాళ్ళకు సంరక్షకుల భత్యం ఇవ్వొచ్చని ఒక మాట రాసింది. కేరళలో అంతకు ముందే మొదలైన ఆశ్వాసకిరణం అనే పథకం కింద చూసుకునేవాళ్ళకు నెలకు 600 రూపాయలు. మొత్తం చిన్నదే. కానీ అది చూసుకునే మనిషి పేరు మీద వెళ్ళే డబ్బు.

మెల్‌బోర్న్ ఇంటికి తిరిగి వద్దాం. ఆ తల్లి క్యాలెండర్ నింపింది. ఫారం పంపింది. "రాదు" అని ఉత్తరం వచ్చిందనుకోండి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ప్రభుత్వం కాదంటే కాదన్నట్టే అని మనకు అలవాటు. ఆస్ట్రేలియాలో అదే ఆఖరి మాట కాదు. ఉత్తరం వచ్చిన 13 వారాల లోపు మళ్ళీ చూడమని అడగండి. మొదట చూసిన ఉద్యోగి కాకుండా వేరే అధికారి చూస్తారు. ఆయనా కాదంటే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ ఉంది. 2024 అక్టోబరు నుంచి పాత ట్రిబ్యునల్ స్థానంలో అది పనిచేస్తోంది. 13 వారాలు దాటాక అడిగితే, గెలిచినా పాత రోజుల డబ్బు రాకపోవచ్చు. అందుకే ఆ అంకె మళ్ళీ చెబుతున్నాం. పదమూడు వారాలు. ఉత్తరం మీద తేదీ చూసి, అదే క్యాలెండర్ మీద గుండ్రంగా సున్నా చుట్టండి.

మళ్ళీ అడిగేటప్పుడు కొత్తగా వాదించనక్కర్లేదు. మొదటి ఫారంలో "కొంచెం", "అప్పుడప్పుడు" అని రాసిన చోట్ల నిమిషాలూ గంటలూ రాయండి. స్కూలు టీచరు దగ్గర్నించి, థెరపిస్టు దగ్గర్నించి ఒక్కో ఉత్తరం జతచేయండి. ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చిన అమ్మమ్మ ఇంట్లో ఉంటే, ఆమె సాయం తాత్కాలికమని కూడా రాయండి. అమ్మమ్మ ఉన్న ఆరు నెలల్లో నింపిన ఫారంలో చాకిరీ ఎప్పుడూ తక్కువే కనబడుతుంది. ఆమె విమానం ఎక్కిన మర్నాడు తెలుస్తుంది అసలు లెక్క.

బిడ్డకు పదహారేళ్ళు నిండేటప్పుడు ఈ కొలత మారిపోతుంది. అక్కడినుంచి పెద్దవాళ్ళ కొలత వేరే ఉంది, కొత్త కాగితాలు నింపాలి. వైకల్య పెన్షన్ కోసం బిడ్డ పేరు మీదే విడిగా అడగాల్సి ఉంటుంది. పదిహేనో పుట్టినరోజు దాటగానే ఆ పని మొదలుపెట్టండి. డాక్టర్ల అపాయింట్‌మెంట్లకే నెలలు పడుతుంది.

ఇంగ్లిషు ఫారం చూసి కంగారు పడేవాళ్ళకు ఆఖరుగా ఒక నంబరు. పెన్నూ కాగితం తీసుకోండి. సెంటర్‌లింక్‌తో మన భాషలో మాట్లాడే ఫోను నంబరు 131 202. మరోసారి, నెమ్మదిగా. ఒకటి, మూడు, ఒకటి. రెండు, సున్నా, రెండు. అవతలివాళ్ళు ఇంగ్లిషులో ఏదో అంటారు. "తెలుగు" అనండి, లైన్లో ఆగండి. దుబాసీని కలుపుతారు, దానికి డబ్బు తీసుకోరు. ఫోను చేసేటప్పుడు క్యాలెండర్ పక్కనే పెట్టుకోండి. "బాబు ఎలా ఉన్నాడు" అని వాళ్ళు అడిగితే, మొన్న మంగళవారం రాత్రి ఒంటిగంటా ఇరవైకి ఏం జరిగిందో అక్కడినుంచి మొదలుపెట్టండి.